ఏడు దగ్గర గీసిన గీత

షుగరు వ్యాధికి మంచి వైద్యం అందుతోందో లేదో ఒక్క అంకెతో తేల్చవచ్చన్న నమ్మకానికి ఆక్స్‌ఫర్డ్‌లో గట్టి ఊతం దొరికింది. రాబర్ట్ టర్నర్ బృందం 1977లో మొదలుపెట్టిన యూకేపీడీఎస్ అధ్యయనంలో 5,102 మంది కొత్త రోగులు చేరారు. 1998లో ఫలితాలు వచ్చాయి. రక్తంలో చక్కెర మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీని 7 శాతం దరిదాపుల్లో ఉంచినవారిలో కళ్ల జబ్బులు, కిడ్నీ జబ్బులు తగ్గాయి. అయితే చేరేనాటికి వాళ్లలో ఎవరికీ 65 దాటలేదు. తర్వాతి చిక్కంతా ఇక్కడే ఉంది.

2004లో బ్రిటన్ తన కుటుంబ వైద్యుల ఆదాయంలో కొంత భాగాన్ని నాణ్యత పాయింట్లకు ముడిపెట్టింది. హెచ్‌బీఏ1సీ 7.4 మించని రోగులు ఎంత ఎక్కువమంది ఉంటే అంత ఎక్కువ పాయింట్లు. ఫలానా రోగికి ఇది తగదని మినహాయించే వీలు డాక్టరుకు ఉన్నా, నలభై ఏళ్లవాడికీ ఎనభై ఏళ్ల ముసలామెకూ గీత ఒక్కటే. 2008 ఫిబ్రవరిలో అమెరికా, కెనడాల్లో షుగరు రోగులపై సాగుతున్న అకార్డ్ పరీక్షలో ఒక భాగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. చక్కెరను 6 శాతం లోపుకు దించబోయిన వర్గంలో 257 మంది, మామూలు వైద్యం పొందిన వర్గంలో 203 మంది చనిపోయారు. ఇంత తెలిశాక కూడా మరుసటి ఏడాదే బ్రిటన్ గీతను 7కు దించింది! రెండేళ్లకు మళ్లీ 7.5కు పెంచక తప్పలేదు.

ఆ అంకె వెనుక జరిగేది వేరు. మన ఇళ్లలో డయోనిల్‌గా తెలిసిన గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర పొద్దున వేసుకుంటే దాదాపు రోజంతా పనిచేస్తుంది. కిడ్నీలు మందగిస్తే ఇంకా ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తుంది. ఆకలి లేక రాత్రి రెండు ముద్దలతో సరిపెట్టుకున్న పెద్దాయనకు తెల్లవారుజామున షుగరు పడిపోయి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, బాత్రూం దగ్గర పడి తుంటి విరుగుతుంది. ఆస్పత్రి రికార్డులో అది ఎముక విరిగిన కేసు. నాణ్యత పట్టికలో మాత్రం ఆయన షుగరు భేషుగ్గా ఉంది.

అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ లెక్కలు 1999 నుంచి 2011 వరకు తిరగేస్తే, షుగరు పెరిగి ఆస్పత్రిలో చేరినవారి రేటు తగ్గుతూ, షుగరు పడిపోయి చేరినవారి రేటు పెరుగుతూ చివరికి దాన్ని మించింది. కొలిచింది ఒకటి, ఖర్చయింది మరొకచోట.

2012లో అమెరికా నిపుణులు బాగా నీరసించిన వృద్ధులకు 8.5 దాకా పర్వాలేదన్నారు. బ్రిటన్ పాయింట్ల పద్ధతిలో బలహీనులైన రోగులకు వేరే గీత, సుమారు 9 శాతం దగ్గర, 2019లో గానీ రాలేదు.