కూత - గడియారం

డబ్బు వచ్చి కబడ్డీ చెడిపోయిందని కొందరూ, డబ్బు వచ్చాకే ఆటకు గౌరవం కలిగిందని మరికొందరూ వాదిస్తున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీ మైదానాల్లో నేను ఈ రెండు వాదాలూ విన్నాను. రెండింటిలోనూ లోపించింది చరిత్ర దృష్టి.

ముందు తేడా ఏమిటో చూద్దాం. మన పాత చెడుగుడులో కూతకు వెళ్ళినవాడికి కాలపరిమితి వాడి ఊపిరే. ఊపిరి నిలిచినంతసేపు ఆట నిలుస్తుంది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో ఆ పెత్తనం 30 సెకన్ల గడియారానిది. వరుసగా రెండు కూతలు ఖాళీగా ముగిస్తే, మూడో కూతకు వెళ్ళినవాడు పాయింటు తెచ్చితీరాలి, తేలేకపోతే అవుట్. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. టీవీ ముందు కూర్చున్నవాడికి ఒక్క క్షణమూ ఖాళీగా గడవకూడదన్నదే ఈ నియమాల సారాంశం.

సిరిసిల్లకు ఈ మార్పు కొత్త కాదు. మగ్గం మీద వేగం నేసేవాడి చేతిది. సాంచాల మీద వేగం మోటారుది. మనిషి లయ యంత్రం లయకు లొంగిన చరిత్రే ఆటలోనూ పునరావృతమైంది.

అయితే దీన్నిబట్టి పాత ఆటే పవిత్రమనుకోవటం పొరపాటు. ప్రతిఫలం ఆశించని ఆట అన్న ఆదర్శం ఏ వర్గం నుంచి పుట్టింది? ఇంగ్లండు ఉత్తరాది మిల్లుల, గనుల పట్టణాల్లో రగ్బీ ఆడినవారిలో చాలామంది కార్మికులు. ఆట కోసం పోగొట్టుకున్న కూలీకి పరిహారం ఇవ్వాలని వారి క్లబ్బులు అడిగాయి. రగ్బీ సంఘం పెద్దలు ససేమిరా అన్నారు. 1895లో ఆ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. తీరిక ఉన్న వర్గం తన తీరికనే నీతిగా చాటుకున్నదని ఈ సంఘటన రుజువు చేస్తున్నది.

అమెరికా ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. అక్కడి ఫుట్‌బాల్ 1869లో కాలేజీల మధ్య పుట్టింది. వృత్తి లీగ్ 1920లో గాని ఏర్పడలేదు. లీగ్ ఆటగాడికి జీతం. కాలేజీ ఆటగాడికి చదువు ఖర్చులు మాత్రమే. కాలేజీ ఆటలకు లక్షమంది పట్టే స్టేడియాలు నిండేవి, టీవీ ఒప్పందాల సొమ్ము విశ్వవిద్యాలయాలకు చేరేది. తన పేరు మీద సంపాదించుకునే హక్కు సైతం విద్యార్థికి 2021 దాకా దక్కలేదు. విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు చెల్లించే ఏర్పాటును కోర్టు ఆమోదించింది 2025లో. 'విద్యార్థి' అన్న గౌరవనామం అన్నేళ్ళపాటు శ్రమ విలువను కప్పిపెట్టింది.

ఇక మన సంగతి. కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. అంతకుముందూ ఆ తర్వాతా ఆటగాడికి అన్నం పెట్టినది ప్రధానంగా రైల్వే, పోలీసు ఉద్యోగాలు. లీగ్ వచ్చాక 2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు ఒక్క పవన్ సెహ్రావత్‌కే 2 కోట్ల 60 లక్షలకు పైగా వెచ్చించింది. శ్రమకు విలువ దక్కటం మంచిదే. నేను దాన్ని తప్పుపట్టను. కాని వేలం పాట నిచ్చెన పైమెట్టుకే వెలకట్టింది. కింది మెట్టు మీద ఉన్నదెవరు?

నా తరగతిలో ఒక కుర్రవాడున్నాడు. రాత్రి సాంచాల మీద 12 గంటలు నిలబడి, పొద్దున పాఠానికి వస్తాడు. జట్టులో కూతకు వాడే ముందు. కాలేజీల పోటీకి పోవాలంటే రెండు రాత్రుల కూలీ వదులుకోవాలి. పోయినసారి వాడు రాలేదు. మా జట్టు ఓడింది. ఆటపై ప్రేమ లేదని తోటివారు వాణ్ణి నిందించారు. ఆ నిందలో నాకు 1895 నాటి పెద్దల గొంతే వినిపించింది.

కాబట్టి తేల్చుకోవలసినది ఆటలోకి డబ్బు రావాలా వద్దా అన్నది కాదు; వచ్చిన డబ్బు ఎవరి చేతిలో ఉన్నది, ఆడే ఒంటికి అందులో ఎంత చేరుతున్నది అన్నదే. పోటీకి వెళ్ళే విద్యార్థికి పోయిన కూలీ చెల్లించాలని ప్రతి కాలేజీలోనూ అడుగుదాం. హడర్స్‌ఫీల్డ్ కార్మికులు అడిగినదీ అంతే.