టపా సంచుల వంశవృక్షం

భారతదేశంలో సరుకు విమాన సంస్థల వంశం టపా సంచితో మొదలైంది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి చిన్న పుస్ మాత్ విమానం నడిపారు. అందులో ప్రయాణికులెవరూ లేరు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీలో దించిన విదేశీ ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. బొంబాయిలో వాటిని అందుకుని టాటా సహచరుడు నెవిల్ వింట్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. తొలి ఏడాది ఆ సర్వీసు 10.71 టన్నుల టపా మోసింది. ఎక్కిన ప్రయాణికులు 155 మందే. ఇవాళ చాలా సరుకు ప్రయాణికుల కాళ్ల కింది అరలో వెళ్తుంది. ఆనాడు సంచులకు చోటిచ్చాక మిగిలిన జాగాలో మనిషి సర్దుకునేవాడు.

ఈ వంశంలో తెలుగు శాఖ బేగంపేటలో పుట్టింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. మరుసటి ఏడాది విమానాలు ఎగిరాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలించుకుంటున్న డకోటా విమానాలు చవకగా దొరికిన కాలమది. దేశమంతటా కంపెనీలు వాటినే కొన్నాయి. విమానాలు ఎక్కువ, ఎక్కేవాళ్లు తక్కువ. అందుకే ప్రతి కంపెనీ కన్నూ ప్రభుత్వ టపా కాంట్రాక్టు మీదే పడింది.

ఆ టపాకు కూడలి నాగ్‌పూర్. 1949 జనవరి 30 నుంచి రాత్రి విమాన టపా నడిచింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి ఒక్కో విమానం పొద్దుపోయాక బయల్దేరేది. అర్ధరాత్రి దాటాక నాలుగూ నాగ్‌పూర్‌లో దిగేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఏ ఊరి విమానం ఆ ఊరికి తిరిగి చేరేది. లెక్క సులువే. నాలుగు ఊళ్లను జతలు జతలుగా కలపాలంటే ఆరు దారులు కావాలి, నడుమ ఒకచోట కలిస్తే నాలుగు చాలు. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి దేశంలోని ఉత్తరాలను అదనపు రుసుము లేకుండా విమానంలో పంపే పద్ధతి కూడా వచ్చింది. అమెరికాలో ఫెడెక్స్ మెంఫిస్ కేంద్రంగా ఇదే ఎత్తు వేసింది 1973లో. మేనేజ్‌మెంట్ పాఠాలన్నీ మెంఫిస్‌నే చెబుతాయి, నాగ్‌పూర్ ఊసు ఎత్తవు.

నాగ్‌పూర్‌కు తూర్పున ఉన్న రాయ్‌పూర్‌కు ఈ కూడలితో పాత బంధం ఉంది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ అనే రాష్ట్రం లేదు. రాయ్‌పూర్ సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో ఒక జిల్లా, రాజధాని నాగ్‌పూర్. 1956లో రాయ్‌పూర్ కొత్త మధ్యప్రదేశ్‌కు, నాగ్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయి రెండూ విడిపడ్డాయి. తెలుగువాళ్లకు రాయ్‌పూర్ విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా వచ్చే రైలుదారి చివరి ఊరు. 1931లో పూర్తయిన ఆ దారే ఉత్తరాంధ్ర మనుషుల్ని అక్కడికి తెచ్చింది. అయినా ఈ ఊరు తలతిప్పి చూసింది ఎప్పుడూ పడమటి వైపు, తన పాత రాజధాని వైపే. ఆకాశంలో కూడా అంతే.

రాత్రి టపాను మొదట నడిపిన ఇండియన్ ఓవర్సీస్ ఎయిర్‌లైన్స్ ఆ సేవలో ఏడాదైనా నిలవలేదు. ఆ పని హిమాలయన్ ఏవియేషన్ చేతికి వచ్చింది. కంపెనీ మునిగినా టపాను మరొకరు ఎత్తుకున్నారు. ఈ వంశ చరిత్ర పొడవునా కనిపించేది ఇదే.

1953 ఆగస్టు 1న ఎనిమిది సంస్థలు ఒక్కసారిగా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. అవి దక్కన్ ఎయిర్‌వేస్, ఎయిర్‌వేస్ ఇండియా, భారత్ ఎయిర్‌వేస్, హిమాలయన్ ఏవియేషన్, కళింగ ఎయిర్‌లైన్స్, ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్, ఎయిర్ సర్వీసెస్ ఆఫ్ ఇండియా, టాటాల దేశీయ ఎయిర్ ఇండియా. దూరదేశాలకు వెళ్లే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు వేరే కార్పొరేషన్ పెట్టారు. కొత్త సంస్థకు 99 విమానాలు దక్కితే వాటిలో 74 డకోటాలే. రాత్రి టపా కూడా దాని చేతికే వచ్చి, మరో రెండు దశాబ్దాలు నాగ్‌పూర్‌లో దిగుతూనే ఉంది. దక్కన్ పేరు చెరిగిపోయినా హైదరాబాద్‌తో బంధం తెగలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల శిక్షణ కేంద్రం తర్వాత అక్కడే నెలకొంది.

ఎనిమిదింటిలో ఒక్క కళింగ మాత్రం మళ్లీ తలెత్తింది. బిజూ పట్నాయక్ అదే పేరుతో సంస్థను లేపి, ఈశాన్య సరిహద్దు కొండల్లోని స్థావరాలకు బియ్యం, సామగ్రి పైనుంచి జారవిడిచే పని పట్టారు. వేళాపట్టిక లేని వ్యాపారం కాబట్టి ప్రభుత్వ గుత్తాధిపత్యం దానికి అడ్డు రాలేదు.

1990లో కేంద్రం సరుకు విమానాలకు ఆకాశాన్ని తెరిచింది. 1994లో ఆ గుత్తాధిపత్యం ఇచ్చిన కార్పొరేషన్ల చట్టాన్నే రద్దు చేసింది. ఆ ఏడాదే బ్లూ డార్ట్ ఏవియేషన్ రిజిస్టరైంది. తల్లి సంస్థ 1983లో బొంబాయిలో ముగ్గురు మిత్రులు పెట్టిన కొరియర్. అది చాలా ఏళ్లు ఫెడెక్స్‌కు ఇక్కడి చేయిగా ఉండి, 2002లో డీహెచ్‌ఎల్ వైపు మళ్లింది. విమాన శాఖ 1996లో రెండు పాత బోయింగ్ 737లతో ఎగరడం మొదలుపెట్టింది. 2004లో డీహెచ్‌ఎల్ తల్లి సంస్థలో 81 శాతం వాటా కొనడానికి ఒప్పందం కుదుర్చుకుంది. డీహెచ్‌ఎల్ అప్పటికే జర్మనీ తపాలా సంస్థ డాయిచె పోస్ట్ సొత్తు. టపాతో మొదలైన వంశంలో ఒక కొమ్మ ఇలా చుట్టు తిరిగి మరో దేశపు తపాలా సంస్థ ఇంట్లో తేలింది.

బ్లూ డార్ట్ నిలబడటానికి కారణం విమానాలు కాదు, పార్సిళ్లు. విమానం ఎగరకముందే దాన్ని నింపే సరుకు సొంత గోదాముల్లో ఉండేది. ఆ దన్ను లేనివాళ్ల గతి వేరు. తన ప్రయాణికుల విమాన సంస్థ ఎయిర్ దక్కన్‌ను కింగ్‌ఫిషర్‌కు అప్పగించాక కెప్టెన్ గోపీనాథ్ 2009లో దక్కన్ 360 పేరుతో సరుకు సంస్థ తెరిచారు. పాత దక్కన్ ఎయిర్‌వేస్‌తో దీనికి పేరు తప్ప చుట్టరికం లేదు. కేంద్రం మాత్రం మళ్లీ నాగ్‌పూరే. ఎయిర్‌బస్ ఏ310లు రాత్రిళ్లు అక్కడ కలిసేవి. 2010లో రిలయన్స్ 26 శాతం వాటా తీసుకుంది. 2011కల్లా విమానాలు నేలకు దిగాయి. భూగోళం అనుకూలించినంత మాత్రాన విమానం నిండదు. 1949లో నింపింది ప్రభుత్వ టపా, 2009లో అలాంటి ఆసామి లేడు.

సికింద్రాబాద్ కంపెనీ ‘గతి’ కథ దీనికి విరుద్ధం. 1989లో లారీలతో మొదలైన దీనికి సరుకుంది, విమానాలు లేవు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పాత 737లను సరుకు మోసేలా మార్పించి గతికి ఇచ్చింది. ఒప్పందం కొన్నేళ్లకే బెడిసి మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. గతి నేల మీదికి తిరిగొచ్చి, 2012లో జపాన్ సంస్థ కింటెట్సుతో జతకట్టి, 2020లో ముంబై ఆల్‌కార్గో చేతికి పోయింది. 2023లో బోర్డు మీది పేరు ఆల్‌కార్గో గతిగా మారింది.

ఈలోగా ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియాలను 2007లో ఒక గూటికి చేర్చారు. ఆ సంస్థను 2022 జనవరి 27న టాటాలు తిరిగి తీసుకున్నారు. నిజాంతో కలిసి వాళ్లు పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ కథ, రెండు విలీనాలు దాటి దాదాపు అరవై ఎనిమిదిన్నరేళ్లకు పుట్టింటికే చేరింది. తిరిగొచ్చిన సంస్థలో ఆనాటి డకోటా ఒక్కటీ లేదన్నది వేరే సంగతి.

2023 జనవరిలో అమెజాన్ తన సరుకు విమాన సేవను దేశంలో శంషాబాద్ నుంచి ప్రారంభించింది. నడిపింది బెంగళూరు క్విక్‌జెట్, అందులో వాటా ఐర్లాండ్ సంస్థ ఏఎస్‌ఎల్‌ది. పార్సిలు ఒకరిది, విమానం ఇంకొకరిది, పెట్టుబడి మరొకరిది. 2020లో కేంద్రం విదేశీ చార్టర్ సరుకు విమానాలను ఆరు విమానాశ్రయాలకు పరిమితం చేసింది. వాటిలో హైదరాబాద్ ఉంది, నాగ్‌పూర్ లేదు. రాయ్‌పూర్ శివారు మానాలోని స్వామి వివేకానంద విమానాశ్రయంలో సరుకు చాలావరకు ప్రయాణికుల విమానం కింది అరలోనే ఎక్కుతుంది. బరువైనది లారీలో వెళ్తుంది.