అడ్వాన్స్ వెనక్కి ఇచ్చే హక్కు: గోదావరి నేతగాళ్ళు, ఒక ఇంగ్లీషు కుమ్మరి, మన రేటు

ఈ ఎపిసోడ్ రేటు గురించి. లోగోలు వేసేవాళ్ళు, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు, ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఎంత ఛార్జ్ చెయ్యాలి?" కోడ్ రాసి జీతం తీసుకున్నన్నాళ్ళు నాకు ఈ ప్రశ్న రాలేదు. ఒకటో తారీఖున ఫోన్‌కి మెసేజ్ వచ్చేది, అంతే. సొంతంగా పని మొదలుపెట్టినవాడికే ఇది అర్థమవుతుంది.

దీనికి రీల్స్‌లో ఒక రెడీమేడ్ జవాబు తిరుగుతూ ఉంటుంది. పికాసో ఒకావిడకి నాప్కిన్ మీద బొమ్మ గీసి భారీ రేటు చెప్పాడట, అర నిమిషమే పట్టింది కదా అంటే, దీని వెనక నా జీవితమంతా ఉంది అన్నాడట. ఆ కథకి ఆధారం ఏమీ లేదు. కానీ దాదాపు అలాంటిదే కోర్టులో నిజంగా జరిగింది. 1878 నవంబర్, లండన్. విస్లర్ అనే పెయింటర్ తన బొమ్మ ఒకదానికి 200 గినీలు రేటు పెట్టాడు. రస్కిన్ అనే పెద్ద విమర్శకుడు దాన్ని అచ్చులో ఘాటుగా తిట్టాడు. విస్లర్ పరువు నష్టం కేసు వేశాడు. అవతలి లాయర్ అడిగాడు: ఎన్ని రోజులు పట్టింది? సుమారు రెండు రోజులు. రెండు రోజుల పనికి 200 గినీలా? కాదు, జీవితకాలం సంపాదించిన జ్ఞానానికి అని విస్లర్ జవాబు.

సూపర్ డైలాగ్. రీల్ అక్కడితో అయిపోతుంది. తర్వాత ఏమైందో కూడా చూడాలి. విస్లర్ కేసు గెలిచాడు, నష్టపరిహారం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులు ఇప్పించలేదు. 1879లో ఆయన దివాలా తీశాడు. అంటే "నా విలువ ఇంత" అని గట్టిగా చెప్పడం ఒకటి, ఆ డబ్బు నిజంగా చేతికి రావడం ఇంకొకటి. ఆ రెండోదాని కథ లండన్‌లో వెతకక్కర్లేదు, మన గోదావరి జిల్లాల్లోనే ఉంది.

నరసాపురం పక్కన మాధవాయిపాలెం అని ఊరు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళకి అక్కడ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే చిమ్నీలు, మెషీన్లు కాదు, సరుకు కొని నిల్వ చేసి ఓడ ఎక్కించే కోఠీ. ఆ ఊరి పేరు వాళ్ళ నోట్లో మదపోలం అయింది, ఆ తర్వాత అదే ఒక రకం నూలు గుడ్డకి పేరైంది. ఇప్పటికీ యూరప్ బట్టల షాపుల్లో ఆ పేరు వినిపిస్తుంది. మన ఊరి పేరు గుడ్డకి పెట్టి వాళ్ళు అమ్ముకుంటున్నారు, మనలో చాలామందికి ఆ ఊరు ఎక్కడుందో తెలీదు. సరే, అది పక్కన పెడదాం.

18వ శతాబ్దం మొదటి సగంలో ఈ తీరంలో నేసే మనిషి మార్కెట్ ఎలా ఉండేదో చూడండి. ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు. పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్ళు. కాకినాడ జగన్నాథపురంలో, పాలకొల్లులో డచ్చివాళ్ళు. వీళ్ళు కాక మన వర్తకులు. అందరికీ గుడ్డే కావాలి. కంపెనీవాళ్ళు చాలావరకు నేరుగా నేతగాడి దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు, మధ్యలో వర్తకుడు ఉండేవాడు. ఆ వర్తకుడు ముందుగా అడ్వాన్స్ ఇచ్చేవాడు. నేతగాడు దాంతో నూలు కొనుక్కోవాలి, గుడ్డ మగ్గం దిగేదాకా ఇల్లు గడవాలి. వానాకాలంలో వీధిలో పడుగు పరిచి గంజి పెట్టడం కుదరదు, పని నెమ్మదిస్తుంది, అప్పుడు కూడా పొయ్యి వెలగాలి కదా.

ఇక్కడే అసలు విషయం ఉంది. దక్షిణ భారత నేతగాళ్ళ మీద ప్రసన్నన్ పార్థసారథి అనే చరిత్రకారుడు రాసిన పుస్తకం చదువుతుంటే నేను ఆగిపోయింది ఈ ఒక్క పాయింట్ దగ్గర. ఆ అడ్వాన్స్‌కి ఒక ఆచారం ఉండేది: ఒప్పందం నచ్చకపోతే నేతగాడు అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేసి బయటికి రావచ్చు. వర్తకుడు మాత్రం, ఇచ్చిన డబ్బు ఇచ్చెయ్, నాకు నీ గుడ్డ వద్దు అనడానికి లేదు. ఒకసారి మళ్ళీ వినండి. డబ్బు ఇచ్చినవాడు ఇరుక్కుంటాడు, తీసుకున్నవాడికి తలుపు తెరిచే ఉంటుంది. ఇవాళ మన క్లయింట్లు పంపించే అగ్రిమెంట్‌లకి ఇది పూర్తిగా ఉల్టా.

దీనివల్ల రేటు మీద ఏం జరిగేదంటే, ఒక వర్తకుడు మరీ తక్కువకి బిగిస్తే, పక్క ఊళ్ళో డచ్చివాళ్ళ కోసం కొనే ఇంకో వర్తకుడు ఉన్నాడు. వాడి దగ్గర డబ్బు తీసుకుని వీడిది వీడికి కట్టెయ్యొచ్చు. నేతగాడు గొంతు పెంచి బేరం ఆడక్కర్లేదు. వెళ్ళిపోగలడు అన్న సంగతే సగం బేరం ఆడిపెడుతుంది.

రెండో ఆయుధం ఇంకా ఇంట్రెస్టింగ్. గుడ్డ నాణ్యతని పుంజాల్లో లెక్కేసేవాళ్ళు. పడుగులో 120 దారాలు ఒక పుంజం. 14 పుంజాల గుడ్డ అంటే వెడల్పులో 1,680 దారాలు. 40 పుంజాలంటే 4,800, అది సన్నపు రకం. ఇప్పుడు పత్తి ధర పెరిగింది, నూలు ధర పెరిగింది, బియ్యం ధర పెరిగింది అనుకోండి. కొనేవాడు రేటు పెంచనన్నాడు. అప్పుడు నేతగాడు దారాలు తగ్గించేవాడు. అదే రేటు, కాస్త పల్చటి గుడ్డ. కంపెనీవాళ్ళు ఇది మోసం అని తిట్టుకునేవాళ్ళు, నమూనా గుడ్డ పక్కన పెట్టి పోల్చి, గ్రేడు తగ్గించి, డబ్బు కోసేవాళ్ళు. చెప్పకుండా పల్చగా నేస్తే అది తప్పే, నేనేమీ వెనకేసుకు రావట్లేదు. కానీ లెక్క మాత్రం కరెక్ట్. రేటు కదలకపోతే పని కదలాలి. క్లయింట్ 20 వేలు అడిగిన చోట 12 వేలే ఇస్తానంటే, అదే వెబ్‌సైట్ 12 వేలకి చేసిపెట్టకండి. ఎనిమిది పేజీల బదులు నాలుగు పేజీలు, ఐదుసార్లు మార్పుల బదులు రెండుసార్లు అని రాసి పంపండి. అంటే ఎన్ని పుంజాలో ముందే చెప్పి నెయ్యడం అన్నమాట.

ఇదంతా స్వర్ణయుగం అని నేను అనట్లేదు. అప్పట్లో ఇక్కడి నేతగాళ్ళ బతుకు ఇంగ్లండ్ నేతగాళ్ళకి తీసిపోలేదని పార్థసారథి వాదన. కాదు, తక్కువే అని లెక్కలు చూపించే ఆర్థిక చరిత్రకారులూ ఉన్నారు. ఇంకో సంగతి, ఆ గుడ్డ వెనక నూలు వడికిన ఆడవాళ్ళు, కండెలు చుట్టిన ఇంట్లోవాళ్ళు ఉన్నారు. ఇంట్లో మనిషి చేసిన పనికి విడిగా కూలి ఎవరు కట్టారు? ఇప్పుడు కూడా చూడండి, కేకుల వ్యాపారం ఆవిడది, డెలివరీ తమ్ముడిది, రేటులో పెట్రోల్ ఉంటుంది, తమ్ముడు ఉండడు.

తర్వాత ఆట మారిపోయింది. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషు సైన్యం ఫ్రెంచివాళ్ళని ఓడించింది. 1759లో మచిలీపట్నం పట్టుకుంది. 1765లో మొగల్ చక్రవర్తి ఫర్మానాతో, ఆ తర్వాత నిజాంతో ఒప్పందాలతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. ఇప్పుడు ఆలోచించండి: నీ పెద్ద క్లయింటే నీ ప్రభుత్వం అయిపోయింది. పన్ను వసూలు చేసేదీ వాడే, తగువు తీర్చేదీ వాడే, గుడ్డ కొనేదీ వాడే.

వాడు ముందు చేసిన పని రేటు తగ్గించడం కాదు, తలుపు మూసెయ్యడం. మధ్యలో వర్తకుల్ని తప్పించి తన జీతగాళ్ళైన గుమాస్తాల ద్వారా నేరుగా అడ్వాన్స్ ఇవ్వడం మొదలుపెట్టాడు. మధ్యవర్తి పోతే మనకి లాభమే కదా అనిపిస్తుంది, యాప్‌లు కూడా మనకి అదే చెబుతాయి. ఇక్కడ అలా జరగలేదు. కంపెనీ పని ఒప్పుకున్నవాడు ఇంకెవరికీ నెయ్యకూడదు. అడ్వాన్స్ వెనక్కి ఇస్తానన్నా తీసుకోరు. పని ఆలస్యమైతే బంట్రోతు వచ్చి కూర్చుంటాడు. పాత ఆచారం తలకిందులైంది: ఇప్పుడు ఇరుక్కున్నది డబ్బు తీసుకున్నవాడు. అదే అడ్వాన్స్, అదే మగ్గం. వెళ్ళిపోయే దారి ఒక్కటి మూసేసరికి రేటు చెప్పే అధికారం మొత్తం అవతలికి పోయింది.

నేతగాళ్ళు ఊరుకోలేదు. మగ్గాలు ఆపేశారు, గుంపులుగా ఊళ్ళు వదిలారు, అర్జీలు పెట్టారు. ఉత్తర కోస్తా నేతగాళ్ళ మీద పి. స్వర్ణలత గారు చేసిన పరిశోధనలో ఆ అర్జీలు, వాంగ్మూలాలు చాలా కనిపిస్తాయి. వాళ్ళు అడిగింది రేటు ఒక్కటే కాదు. గుమాస్తాల జులుం, గ్రేడు పేరుతో కోతలు, ఇవి కూడా. తర్వాత 19వ శతాబ్దంలో మిల్లు గుడ్డ వచ్చింది, అది వేరే పెద్ద కథ.

సరే, వెళ్ళిపోగలగాలి అంటున్నాను. కానీ ఎక్కడ వెళ్ళిపోవాలి? ఎంతకంటే తగ్గితే నష్టమో తెలియాలి కదా. సరిగ్గా ఈ లెక్క దగ్గరే అదే రోజుల్లో ఇంగ్లండ్‌లో ఒక కుమ్మరి తల పట్టుకుని కూర్చున్నాడు. పేరు జోసయా వెడ్జ్‌వుడ్. మామూలు కుమ్మరి కాదు, 1765లో రాణి షార్లట్ ఆయన దగ్గర టీ సెట్టు చేయించుకుంది. పింగాణీ లాంటి పాత్రలు, కూజాలు రాజులకీ ప్రభువులకీ అమ్మేవాడు. 1772లో బ్యాంకులు కూలి బ్రిటన్‌లో అప్పు పుట్టని పరిస్థితి. ఆయన గోడౌన్ నిండా సరుకు, చేతిలో డబ్బు లేదు. అప్పుడు కూర్చుని ఒక్కో వస్తువుకి నిజంగా ఎంత ఖర్చవుతోందో లెక్క తీశాడు.

ఆయనకి కనిపించింది ఇదీ: మట్టి, రంగు, పనివాడి కూలి వస్తువుతో పాటు పెరుగుతాయి. కానీ అద్దె, గుమాస్తాల జీతాలు, నమూనాలు, అచ్చులు తయారుచేసే ఖర్చు, ఇవన్నీ సరుకు ఎక్కువ చేసినా తక్కువ చేసినా గడియారంలా తిరుగుతూనే ఉంటాయి. ఈ సంగతి పార్టనర్ బెంట్లీకి ఉత్తరంలో రాశాడు. ఇవాళ బీకామ్‌లో ఫిక్స్‌డ్ కాస్ట్ అని ఒక పేజీలో చెప్పేస్తారు, ఆయనకి అప్పుల మధ్య కూర్చుని తవ్వితే దొరికింది. ఆ తవ్వకంలోనే లండన్ ఆఫీసులో హెడ్ గుమాస్తా డబ్బు కాజేస్తున్నాడని కూడా బయటపడింది!

మన లెక్క వేద్దాం. ఇది ఊరికే ఉదాహరణకి. ఒక ఎడిటర్ అనుకోండి. గది అద్దె 5,000. నెట్, కరెంటు 2,000. సాఫ్ట్‌వేర్ 3,000. లాప్‌టాప్ 72,000, మూడేళ్ళు వస్తే నెలకి 2,000. తను ఇంట్లో ఇవ్వాల్సింది 28,000. మొత్తం 40,000. పని వచ్చినా రాకపోయినా ఈ గడియారం తిరుగుతుంది. చాలామంది దీన్ని 25 రోజులతో భాగించి రోజుకి 1,600 అంటారు. కానీ ఆ 25లో కొటేషన్లు పంపిన రోజులు, కాల్స్‌లో పోయిన రోజులు, డబ్బుల కోసం తిరిగిన రోజులు తీసేస్తే బిల్లు వేయగలిగినవి ఎన్ని? పదే అనుకోండి, రోజు 4,000. మీరు 2,500కి ఒప్పుకుని, అమ్మయ్య పని దొరికింది అని పార్టీ ఇస్తున్నారు చూడండి, ఆ నెల 15,000 మీ జేబులోంచి క్లయింట్‌కి ఇచ్చారు.

వెడ్జ్‌వుడ్ లెక్కకి ఇంకో వైపు కూడా ఉంది. అచ్చు ఖర్చు ఒకసారి పెట్టేశాక, అదే అచ్చులో ఎన్ని ఎక్కువ పోస్తే ఒక్కోదాని మీద భారం అంత తగ్గుతుంది. అందుకే కూజాలు పెద్దవాళ్ళ బంగళాల్లో చాలినన్నాళ్ళు మెరిశాక, రేటు తగ్గించి మధ్యతరగతికి అమ్మొచ్చని ఆయన ఆలోచించాడు. డిస్కౌంట్ ఇవ్వడం తప్పు కాదు. కొత్త అచ్చు చెయ్యాల్సిన పనికి ఇస్తేనే తప్పు. "ఈ ఒక్కటి తక్కువకి చెయ్, ముందు ముందు చాలా పనులిస్తాను" అనే క్లయింట్ అడిగేది సరిగ్గా అదే, అచ్చు ఖర్చు మన మీద వేసి మొదటి కూజా చవగ్గా పట్టుకుపోవడం. ఆ చాలా పనులు ముందే కాగితం మీద పెడితే అప్పుడు చూద్దాం. మొహమాటం గురించి మనవాళ్ళకి ఒక సామెత ఉంది, ఇక్కడ చెప్పలేను, మీకు తెలుసు.

మన రోజుల్లో తలుపు మూసేది బంట్రోతు కాదు, లేటు పేమెంట్. మూడు నెలల బిల్లులు ఒకే క్లయింట్ దగ్గర ఇరుక్కుంటే, నాలుగో నెల వాడు చెప్పిన రేటుకే చేస్తారు, లేకపోతే పాతది రాదని భయం. దీనికి చట్టం ఉంది, చాలామంది వాడుకోరు. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదు చేసుకోండి, ఫీజు లేదు, ఆధార్, పాన్ చాలు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం అలాంటివాళ్ళకి కొన్నవాడు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. మీరు రేపు ఫిర్యాదు పెట్టమని కాదు. ఇన్‌వాయిస్ కింద ఉద్యమ్ నంబరు, ఆ 45 రోజుల లైను వేసి పంపి చూడండి, అవతలి అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కి ఆ లైను అర్థమవుతుంది.

ఇంకొకటి, ఈ వారం మీ దగ్గరున్న అగ్రిమెంట్ ఒకటి తీయండి, వాట్సాప్‌లో ఒప్పుకున్నదైనా సరే. రేటు ఎంత అన్నది తర్వాత. అడ్వాన్స్‌లో పని చేసినంత ఉంచుకుని మిగతాది వెనక్కి ఇచ్చి తప్పుకోవచ్చు అనే వాక్యం మీ వైపు ఉందా? వాళ్ళ వైపు ఒక్కళ్ళకే ఉందా? ఈ ప్రాజెక్టు నడిచేటప్పుడు వేరేవాళ్ళకి పని చెయ్యకూడదని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో రాసి ఉందా? దొరికింది కామెంట్లలో పెట్టండి, క్లయింట్ల పేర్లు తీసేసి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని చదువుదాం. ఉంటాను మరి.