ఒంటి ఛాయలో ఊదా, ఆకుపచ్చ

ఒంటి రంగు ఏమిటంటే పసిమి, చామనఛాయ, నలుపు అని మూడు మాటల్లో తేల్చేస్తాం. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య (వ.పా.) ఆ లెక్క ఒప్పుకోలేదు. యువ, చందమామ పత్రికలకు ఆయన వేసిన బొమ్మల్లో వెలుగు పడిన చెక్కిలి మీద పసుపు, కాషాయం ఉంటాయి. మెడ కింది నీడలోకి ఊదా, ఆకుపచ్చ చొరబడతాయి. కాస్త దూరం జరిగి చూస్తే అది నెత్తురాడే ఒళ్లే.

తండ్రి రామ్మూర్తి డ్రాయింగు మాస్టారు, తొలి గురువూ ఆయనే. అది రవివర్మ అచ్చుపటాలు గోడలెక్కిన కాలం. రవివర్మ తైలవర్ణాల్లో ఒళ్లు నున్నగా, కుంచె జాడ తెలియకుండా ఉంటుంది. వ.పా. పట్టు నీటిరంగుల మీద. పల్చటి పూత అడుగు నుంచి కాగితపు తెలుపే వెలుగిస్తుంది. ఒక పూత ఆరకముందే పక్కన ఇంకో రంగు తగిలిస్తే రెండూ ఒకదానిలోకి ఒకటి పాకి, చర్మం కింద వెచ్చదనం ఉన్నట్టు తోస్తుంది. చెయ్యి ఆలస్యమైతే మరకే, దిద్దుకోవడం కష్టం.

ఏడాది తేడాతో 1922లో బెర్లిన్‌లో పుట్టి, లండన్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్‌ది పూర్తిగా ఎదురు దారి: సీసంతో చేసిన బరువైన తెల్లరంగు, పందివెంట్రుకల కుంచె, ముద్దలు ముద్దలుగా పేరుకున్న మాంసం.

వ.పా.కి ఇంకో పరీక్ష కూడా ఉండేది, అచ్చు. రంగుల బొమ్మ ప్రెస్సుకెక్కితే పసుపు, ఎరుపు, నీలం, నలుపు చుక్కలుగా విడిపోతుంది. గోధుమరంగు నీడలు అక్కడ మురికిపట్టినట్టు తేలతాయి. ఆయన బొమ్మలు ఆ ప్రెస్సును తట్టుకున్నాయంటే, నీడకు కూడా నికార్సైన రంగు పెట్టడమే కారణమనిపిస్తుంది.

వ.పా. సమకాలికుల్లో బొబ్బిలిలో పుట్టి, విజయనగరంలో చిత్రకళా పాఠశాల నడిపినవారు అంట్యాకుల పైడిరాజు (1919–86). మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిష్యులు. మెరీనాలో బండను కదుపుతున్న నలుగురు కూలీల శిల్పం చూసినవారికి ఆ గురువు కండలను ఎంత బిగువుగా మలిచారో తెలుసు. శిష్యుడూ శిల్పే. అయినా పల్లె స్త్రీలను బొమ్మకట్టేటప్పుడు కండ జోలికి పోకుండా గీతనే నమ్ముకున్నారు.

ఒంటికి రంగు పెట్టడంలో తెగువ మాత్రం వ.పా.దే. ఇంట్లో పాత చందమామలుంటే కాటాకు వేసేముందు ఆయన ముఖచిత్రం ఒకటి భూతద్దం కింద పెట్టి, మెడ నీడ దగ్గర చూడండి.