సులోచనముల చరిత్ర: ఒక జపాను పల్లె నేర్పిన పాఠము

నలుబది యేండ్లు నిండిన పిమ్మట దగ్గరి అక్షరములు మసకబారుటను మన పెద్దలు చత్వారము అనిరి. నలుబది యను సంఖ్యయే ఆ మాటలో దాగియున్నది. మన సంఘమున ఏ పఠనగోష్ఠి జరిగినను, పుస్తకము తెరచుటకు ముందు జేబులు తడవుకొనువారు పదిమందియైన ఉందురు. కళ్ళజోడు చేతికి అందినగాని పద్యము మొదలు కాదు. మన చదువునకు ఇంతగా తోడైన వస్తువు ఎచ్చట పుట్టినదో, ఎవరి చేతులమీదుగా మన దాక వచ్చినదో ఒకమారు తెలిసికొనుట యుక్తము.

బెంగుళూరు నుండి హోసూరు పోవు రాజమార్గమున, ఆనేకల్లు దారి చీలునట్టి మన చందాపుర కూడలిలో నేడు కళ్ళజోళ్ళ అంగళ్ళు పెక్కు కలవు. అందొక అంగడిలో వేరుగా నొక గాజుపెట్టెలో నుంచిన చట్రమును ఇటీవల చూచితిని. తేనె రంగు, మొలకలు లేని నునుపు, మడచినప్పుడు చప్పుడు చేయని కీలు. లోపలి అంచున, జపానులో చేతితో చేసినదని సన్నని అక్షరములు. వెల అడిగితిని. అది కొందరి నెల జీతమంత యుండెను. మారు పలుకక యథాస్థానమున నుంచి వచ్చితిని. కాని మనస్సు దానిని విడువలేదు. యంత్రములు లక్షలకొలది చట్రములు పోతపోయుచున్న ఈ కాలమున ఇంత శ్రమపడి చేయువారెవరు? ఆ పని ఆ దేశమున ఎట్లు నిలిచినది? సమాధానము వెదకబోగా, ఆ కథ మన విజయనగరపు వాకిటి మీదుగానే సాగినదని తెలియవచ్చినది.

కళ్ళజోడు జన్మస్థానము ఇటలీ దేశమని చరిత్రకారుల అభిప్రాయము. 1306లో ఫ్లారెన్సు నగరమున జోర్డానో అను క్రైస్తవ సన్న్యాసి ప్రసంగించుచు, ఈ విద్య పుట్టి ఇంకను ఇరువది యేండ్లు కాలేదని పలికెను. దానినిబట్టి పదుమూడవ శతాబ్దపు తుదినాళ్ళలో ఇది వెలసినదని నిర్ణయించిరి. 1352లో తొమ్మాసో అను చిత్రకారుడు త్రెవీజో పట్టణములోని మఠమున వ్రాసిన చిత్రములలో, ముక్కుపై అద్దముల జత నిలుపుకొని గ్రంథమును చదువుచున్న మతగురువొకడు కనబడును. ఆ నాటి జోళ్ళకు చెవులకు తగులుకొను కాడలు లేవు. ముక్కును పట్టి నిలుచుటయే వాటి పని. అవి చత్వారము వచ్చినవారికై పుట్టినవి. అనగా చదువుకొన్న ముసలివారి కొరకు.

మన దేశమున కళ్ళజోడు ప్రస్తావన మొట్టమొదట కనబడుట విజయనగర కాలముననే. శ్రీకృష్ణదేవరాయల చేత గురువుగా పూజలందిన వ్యాసతీర్థులు మన పొరుగుననున్న ముళబాగిలులో శ్రీపాదరాజుల వద్ద శాస్త్రములు చదివినవారు. తిరుమల కొండపై పండ్రెండేండ్లు స్వామిసేవ చేసినవారు. వారి కాలమువాడే యైన సోమనాథకవి సంస్కృతమున వ్యాసయోగిచరితమను చంపూ కావ్యమును రచించెను. ఆ స్వామి కళ్ళజోడు ధరించి తాళపత్ర గ్రంథమును చదువుచున్న ఘట్టమొకటి ఆ కావ్యమున కలదనియు, అది సుమారు 1520 నాటి సంగతియనియు పుణె నగరపు భాండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థకు చెందిన పి. కె. గోడే పండితుడు గుర్తించెను. గోవా 1510లో పోర్చుగీసుల వశమైనది. వారికిని రాయలకును గుఱ్ఱముల వ్యాపారము, రాయబారములు నడుచుచుండెను. ఆ త్రోవనే ఈ వస్తువు విజయనగరము చేరియుండుననుట సహజమైన ఊహ. అల్లసాని పెద్దనాదులు ఆస్థానమున నున్న కాలమున, ఆ రాజధానిలో ఒక యతీశ్వరుడు అద్దముల సాయమున ఆకులు త్రిప్పుచుండెనని తలచుకొన్నప్పుడు మనస్సు పులకించును.

ఆ గోవా రేవు నుండియే ఇంకొక ప్రయాణము సాగినది. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అను క్రైస్తవ ప్రచారకుడు అచ్చట ఓడనెక్కి జపాను చేరెను. 1551లో యమగుచి ప్రభువైన ఒఉచి యొషితకను దర్శించి ఆయన సమర్పించిన కానుకలలో కళ్ళజోడు కూడ నుండెనని జపానువారు చెప్పుకొందురు. ఆ దేశమును ఏకచ్ఛత్రము చేసిన తొకుగవ ఇయెయసు వాడినదని చెప్పబడు జోడు కునోజాన్ ఆలయమున నేటికిని భద్రముగా నున్నది. మనకును వారికిని ఈ వస్తువు ఇంచుమించు ఒకే తరములో, ఒకే రేవు దారిని వచ్చినదన్నమాట. ఇక దానిని ఎవరు ఏమి చేసికొనిరన్నదే విచారింపవలసిన విషయము.

మనవారికి నేర్పు లేదనుకొనుట పొరపాటు. తంజావూరు చెంతనున్న వల్లం గ్రామమున దొరకు స్ఫటికపు రాళ్ళను సానబట్టి కళ్ళజోళ్ళకు అద్దములుగా తీర్చువారు. తంజావూరు 1532 నుండి 1673 వరకు మన తెలుగు నాయకరాజుల యేలుబడిలో నుండి, తెలుగు సారస్వతమునకు పెట్టనికోటయైన సీమ. ఆ రాతి అద్దములు కంటికి చలువయని జనులు ప్రీతితో కొనెడివారు. రాతిని అద్దముగా మార్చిన ఆ చేతులు సామాన్యమైనవి కావు. అయినను ఆ పని ఊరు దాటి విస్తరించి, పదిమందికి పట్టెడన్నము పెట్టు పరిశ్రమగా పెరుగలేదు. నేర్పు ఉండియు ఏర్పాటు లేకపోయినది.

జపానులో జరిగినది వేరు. సముద్రపు గాలికి శీతకాలమంతయు మంచు పేరుకొను ఫుకుయి ప్రాంతమున షోనో అను చిన్న పల్లె కలదు. నేల తక్కువ, పొలముపై మంచు కప్పుకొన్న నెలలలో రైతుకు పని లేదు. పడుచువారు నగరములకు వలసపోవుచుండిరి. ఆ ఊరి పెద్ద మసునగ గోజాయెమోను తొలుత పట్టునేతను ప్రయత్నించి నష్టపోయెను. అప్పుడు ఒసాకా నగరమున తిరిగి వచ్చిన తమ్ముడు కొహచి, కళ్ళజోళ్ళ పని చేయుదమని సలహా చెప్పెను. వార్తాపత్రికలు చదువువారు నానాటికి పెరుగుచున్న కాలమది. కళ్ళజోడుకు గిరాకి తప్పదని ఆయన యెంచెను. పెద్ద యంత్రములు అక్కరలేదు. కొద్ది మూలధనము, చేతినేర్పు చాలును. 1905లో ఒసాకా నుండి పనివానిని పిలిపించి, ఊరి వడ్రంగులను, రైతుబిడ్డలను కూర్చుండబెట్టి పని నేర్పించిరి. మొదట చేసినవి ఇత్తడి చట్రములు.

పని నేర్పిన పద్ధతిలోనే వారి విజయమున్నది. దానిని చోబా అందురు. పద్దులు వ్రాయు చావడి అని ఆ మాటకు అర్థము. ఒక్కొక్క మేస్త్రీ క్రింద కొందరు శిష్యులను చేర్చి, ఆ జట్టు చేసిన పనికి ఆ జట్టే బాధ్యత వహించునట్లు ఏర్పరచిరి. జట్టుకు జట్టుకు పోటీ, పోటీలోనే నాణ్యము. చేయి తిరిగిన శిష్యుడు వేరు పడి తన చావడిని తానే పెట్టుకొనుటకు గోజాయెమోను అడ్డు చెప్పలేదు. తన రహస్యము పొరుగువానికి తెలియుననెడు భయముతో తలుపులు మూసికొనియుండినచో ఆ పని ఆయన ఇంటితోనే ఆగియుండును. తలుపులు తెరచినందున ఊరు నేర్చినది, ఆ చుట్టుపట్ల పల్లెలు నేర్చినవి, పొరుగున నున్న సబయె పట్టణము దానికి నిలయమైనది. నేడు జపానులో తయారగు కళ్ళజోళ్ళ చట్రములలో నూటికి తొంబదికి పైగా ఆ ప్రాంతమునుండియే వచ్చుచున్నవి.

ఒక మేలిరకపు చట్రము పూర్తియగుటకు రెండువందలకు పైగా పనులు జరుగవలెనందురు. అన్నియు ఒక ఇంట జరుగవు. ఒక ఇంటివారు కీలు మాత్రమే చేయుదురు, ఒకరు కాడలు, మరియొకరు మెఱుగు. ఊరంతయు నొక కర్మాగారము వంటిది. వెనుకటి మేలిచట్రములు సెల్యులాయిడుతో చేసెడివారు. అది మన పూజామందిరమునందలి కర్పూరమును కలిపి చేయు పదార్థము. అరగదీసినప్పుడు ఆ వాసన వచ్చును. కోసిన పలకను చాలకాలము ఆరబెట్టనిచో పిమ్మట వంకరపోవును. నిప్పు తగిలిన క్షణములో అంటుకొనును కనుక పెక్కుమంది దానిని మానిరి. కొలదిమంది మాత్రము దాని గట్టిదనమును, నిగనిగలను మెచ్చి నేటికిని వాడుచున్నారు. కోసిన చట్రమును కొయ్యముక్కలతో కూడిన పీపాలో వేసి గంటలకొలది త్రిప్పుదురు. పిదప తిరుగుచున్న గుడ్డచక్రమునకు చేతితో ఆనించి మెఱుగు పెట్టుదురు. ఎంత ఒత్తిడి చాలునో చెప్పు కొలబద్ద లేదు, వ్రేళ్ళకే తెలియవలెను. నే నాడు చూచిన నునుపునకు ఇదియే కారణము.

లోహములలో మిక్కిలి తేలికయు, చెమటకు తుప్పు పట్టనిదియునగు టైటానియమును చట్రములుగా మలచు విద్యను 1980ల తొలినాళ్ళలో సాధించి లోకమునకు చూపినవారును ఈ పల్లెలవారే. దానిని అతుకుట, వంచుట కష్టము కనుక ఇతరులు జంకిరి. పిమ్మట చైనా దేశపు చవుక సరకు వచ్చి వీరి అంగళ్ళను దెబ్బతీసెను. పెక్కు చావళ్ళు మూతపడినవి. అంతవరకు పరాయి సంస్థల పేరిట చట్రములు చేసి యిచ్చినవారు, ఇక మన పనికి మన పేరే పెట్టుకొందమని నిశ్చయించుకొనిరి. 2008లో అమెరికా ఎన్నికలలో ఉపాధ్యక్ష పదవికి నిలిచిన సారా పేలిన్ ధరించిన చట్రము లోకమంతట చర్చనీయమయ్యెను. దానిని రూపొందించినవాడు ఫుకుయిలో పుట్టిన కవసకి కజువో. చేసినది మసునగ సంస్థ. నూరేండ్ల క్రితము మంచులో పని లేక కూర్చున్న పల్లె పేరు అట్లు దేశదేశముల మారుమ్రోగెను.

ఇంతవరకు వచ్చి మరల మన చందాపురకు చూపు మరల్చుదము. మనకు కూతవేటు దూరముననున్న ఆనేకల్లు పట్టునేతకు పేరుపడిన ఊరు. నేతగాని నేర్పు నలుబదవ యేటికి పండును. సరిగా ఆ యేటనే చత్వారము వచ్చి, తెగిన పడుగు పోగును అతుకజాలక చేయి తడబడును. పనితనము చేతిలో ఉండగనే బ్రతుకు జారిపోవును. ఇది కేవలము ఊహ కాదు. అస్సాములో నలుబది దాటిన సుమారు 750 మంది తేయాకు కార్మికులలో సగముమందికి దగ్గరి చూపు అద్దములిచ్చి పరిశీలింపగా, అద్దములు లేనివారి కంటె వారి కోత నూటికి ఇరువదికి పైగా హెచ్చినదని 2018లో ప్రకటించిరి. అట్టి అద్దములకు జపాను చట్రము అక్కరలేదు. ఏ చట్రమైనను చాలును.

మనవారిలో ఈ సంగతిని గ్రహించి పనిలోనికి దిగినవారు లేకపోలేదు. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదున స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, పల్లెపల్లెకు దృష్టికేంద్రములను నెలకొల్పి, పల్లెల యువకులకే కన్ను పరీక్షించు విద్య నేర్పి అచ్చటనే నియమించుచున్నది. గోజాయెమోను చేసిన పనికిని దీనికిని పోలిక స్పష్టము. వచ్చినవాడు నేర్పి వెళ్ళిపోవుట కాదు; ఉన్న ఊరివారికి నేర్పి ఊరిలోనే నిలుపుట.

మన తరతరములు ఈ కన్నడసీమలో వేళ్ళూనుకొని సుఖముగా నున్నవి. మన ఇండ్లలో నేడొక వింత చూచుచున్నాము. తాతగారికి తెలుగు వచ్చును, చూపు ఆనదు. మనుమనికి చూపు నిక్షేపముగా నున్నది, తెలుగక్షరములు ఆనవు. మొదటి లోపమునకు అంగడిలో మందున్నది. రెండవ దానికి ఇంటిలోనే ఉన్నది. కాని దానిని గోజాయెమోను వలె తలుపులు తెరచి, జట్టులు కట్టి, పనిగా పెట్టుకొని నేర్పవలెను. ఒక ఇంటి విద్య ఆ ఇంటితోనే ఆగినచో వల్లం స్ఫటికముల గతియే దానికిని పట్టును.

కనుక మన సంఘమువారికి ఒక విన్నపము. రాబోవు ఉగాదికి పంచాంగ శ్రవణము జరుగు ప్రాంగణముననే ఒక కన్నుల పరీక్షా శిబిరమును కూడ ఏర్పాటు చేయుడు. ఆనేకల్లు నేతగాండ్రను ఏ భాషవారైనను పిలువుడు. అవసరమైనవారికి అద్దములిప్పింపుడు. ఆ దినముననే ప్రతి తాతగారి ప్రక్కను ఒక మనుమని కూర్చుండబెట్టి, క్రొత్త అద్దములతో ఆయన చదువు మొదటి పుటను ఆ బాలుని చేత కూడ చదివింపుడు. అక్షరము తప్పినచో తాతగారు దిద్దుదురు.