సుర్కీ నుండి బూడిద సిమెంటు వరకు

లష్కరు వీధులలో పాత మేడలను పడగొట్టు చోట నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉండును. రాతికిని రాతికిని నడుమనున్న గచ్చు గునపానికి అంత తేలికగా లొంగదు. విరిగిన పెళ్ళను చేతికి తీసుకొన్నచో తెల్లని సున్నములో తఱచుగా ఎఱ్ఱని నలుసులు కానవచ్చును. అది సుర్కీ, అనగా కాల్చిన ఇటుకల పొడి.

వట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడును. దళసరి గోడ లోపలికి ఆ గాలి ఏండ్ల తరబడి చొరదు; నీటి అడుగున చెప్పనే అక్కరలేదు. కాల్చిన మట్టిలోని సిలికా గాలికై ఎదురుచూడదు. తడి ఉన్నంతకాలము అది సున్నముతో కలిసి, నీట కరగని జిగురుగా మారును. రోమనులు నేపుల్సు సమీపమున పొజ్జువోలీలో దొరకు అగ్నిపర్వత ధూళితో సాధించినది ఇదియే. మన పనివారికి అగ్నిపర్వతము లేదు. ఇటుకల బట్టీ ఉన్నది.

హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు ఉమ్మడిగా 1945లో ఆరంభించిన తుంగభద్ర ఆనకట్ట సుర్కీ గచ్చుతో లేచిన రాతికట్టడము. 1953లో దానినుండి నీరు వదలినారు. పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో 1824లోనే పేటెంటు లభించియుండగా ఇంకను సుర్కీ ఏమిటని వెక్కిరించుట న్యాయము కాదు. బ్రహ్మాండమైన కట్టడములో సిమెంటు పుట్టించు వేడికి బీటలు వారును. సుర్కీ నెమ్మదిగా పనిచేయును గనుక ఆ వేడి తక్కువ.

ఆనకట్ట పని సాగుచుండగనే, 1946-47 సంవత్సరములలో, అమెరికాలో పవర్స్, బ్రౌన్‌యార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సిమెంటు ముద్దలోని నీటికి లెక్క కట్టినారు. సిమెంటు ఆరి గట్టిపడునని చాలమంది తలంపు. ఆరినచో దాని పని ఆగిపోవును! నూరు పాళ్ళ సిమెంటు పూర్తిగా మారుటకు సుమారు 23 పాళ్ళ నీరు దానితో రసాయనికముగా కలిసిపోవును. మరి 19 పాళ్ళు ఆ జిగురులోని అతిసూక్ష్మ రంధ్రములలో చిక్కుకొనును. వెరసి 42. అనగా 50 కిలోల బస్తాకు 21 లీటర్లు. కలుపుటకు సులువని 30 పోసినచో, మిగులు నీరు వెంట్రుకలవంటి దారులను విడిచిపోవును. కప్పు కారుటకును, లోపలి ఇనుము త్రుప్పు పట్టుటకును ఆ దారులే మూలము. 1959లో పవర్స్ బృందము చూపిన దానిని బట్టి, బస్తాకు 20 లీటర్లు పోసిన ముద్దను మూడు రోజులు తడిగా ఉంచినచో ఆ దారులు తెగిపోవును. 30 లీటర్లు పోసినచో ఆరు నెలలు పట్టును. 35 దాటినచో ఎన్నటికిని తెగవు.

రామగుండములో 1983లో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము పని ఆరంభించినది. అట్టి చోట్ల బొగ్గు కాలగా మిగులు మెత్తని బూడిద సుర్కీకి దాయాది. అంగళ్ళలో అమ్ము పొజ్జొలానా సిమెంటులో భారత ప్రమాణము ప్రకారము 15 మొదలు 35 శాతము వరకు ఇట్టి బూడిద ఉండును. సిమెంటునుండి వెలువడు సున్నమును అది పట్టుకొని కొత్త జిగురును పుట్టించును. రంధ్రముల మొత్తము అంతగా తగ్గకున్నను, పెద్దవి చిన్నవగును, దారులు తెగును. అయితే పవర్స్ లెక్కను దీనికి నేరుగా అన్వయింపరాదు. ఏనాటికి ఎంత బూడిద పనిచేసినదో కొలుచుట కష్టము. ఎండబెట్టి నీటిని తూచుదమన్నను, ఎండబెట్టుటలోనే రంధ్రముల రూపము మారిపోవును. శాస్త్రజ్ఞులు ఈ లెక్కకై నేటికిని కొత్త నమూనాలు కట్టుచునే ఉన్నారు.

ఇల్లు కట్టుకొనువారికి మాత్రము 2000 సంవత్సరపు భారత ప్రమాణము సూటిగా చెప్పినది: మామూలు సిమెంటైనచో కనీసము 7 రోజులు తడి ఆరనీయరాదు, బూడిద కలిసినదైనచో 10 రోజులు, పొడి ఎండలలో ఇవి 10, 14 అగును. సికింద్రాబాదు ఏప్రిలు ఎండ ఎటువంటిదో శ్రోతలకు చెప్పవలెనా? మేడకప్పు మీద మడులు కట్టి నీరు నిలుపు మంచి అలవాటు మన తాపీపనివారికి ఉండనే ఉన్నది. కాని ట్యాంకరు నీటికి వెల పెట్టలేక, నాలుగవనాడే మడులు పగులగొట్టి పై అంతస్తు పనికి దిగు గుత్తేదారులున్నారు. నాలుగవనాటికి సిమెంటు కొంత పని చేసియుండును. బూడిద ఇంకను పని మొదలుపెట్టియే ఉండదు.