1796 నమూనా తేలికపాటి అశ్వికదళ ఖడ్గం

నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ తేలికపాటి అశ్వికదళం వాడిన వంపు కత్తి ఇది. జాన్ గాస్పర్డ్ లె మర్చంట్ అనే సైన్యాధికారి, బర్మింగ్‌హామ్‌కు చెందిన కత్తుల తయారీదారు హెన్రీ ఆస్బోర్న్‌తో కలిసి దీనికి రూపమిచ్చాడు.

పుట్టుక

1793–94లో ఫ్లాండర్స్‌లో జరిగిన పోరులో లె మర్చంట్ పాల్గొన్నాడు. పొడవుగా, బరువుగా ఉన్న అప్పటి కత్తులను అదుపు చేయలేక రౌతులు తమకూ తమ గుర్రాలకూ గాయాలు చేసుకునేవారు. ఆ అనుభవంతో అతడు కొత్త నమూనాను సూచించడమే కాక, కత్తి తిప్పే పద్ధతిపై శిక్షణ గ్రంథాన్నీ రాశాడు. సైన్యం 1796లో రెండింటినీ స్వీకరించింది.

నిర్మాణం

అలుగు పొడవు సుమారు 33 అంగుళాలు, అంటే 84 సెంటీమీటర్లు. కొన వైపు వెడల్పు పెరగడం వల్ల వేటు బలంగా పడుతుంది. పొడవడానికి మాత్రం అంతగా పనికిరాదు. అలుగు వెంట వెడల్పాటి గాడి ఉంటుంది. పిడి చెక్కది, పైన తోలు చుట్టు. వేళ్లకు రక్షణగా ఒకే ఇనుప పట్టీ, నడుముకు వేలాడదీయడానికి రెండు రింగులున్న ఇనుప ఒర ఉంటాయి.

వాడుక

స్పెయిన్, పోర్చుగల్ యుద్ధాల్లోనూ, 1815లో వాటర్లూలోనూ దీన్ని వాడారు. 1811లో ప్రష్యా ఇదే తీరు కత్తిని చేయించుకుంది. లె మర్చంట్ 1812లో సలమాంకా యుద్ధంలో మరణించాడు. బ్రిటన్‌లో 1821 నమూనా దీని స్థానంలోకి వచ్చింది.

హైదరాబాద్ రౌతులు

బ్రిటిష్ సైన్యం పక్కన పెట్టిన పాత అలుగులకు నిజాం అశ్వికదళం వారు తమ తీరు పిడులు బిగించుకున్నారని కెప్టెన్ లూయీ నోలన్ 1853 నాటి తన గ్రంథంలో రాశాడు. వాటిలో ఈ నమూనావి ఉన్నాయని ఆయుధ చరిత్రకారుల అభిప్రాయం. ఇనుప ఒరలో రాపిడికి వాదర మొద్దుబారుతుంది. నిజాం రౌతులు చెక్క ఒరలు వాడి, పోరులో తప్ప కత్తి దూయకుండా మంగలికత్తి పదును నిలుపుకున్నారు. పదును కత్తిని కాపాడుకునే తీరులో ఉందని నోలన్ గ్రహించాడు.

నేటి స్థితి

మిగిలిన కత్తుల్లో తుప్పు గుంటలు, వాదరపై నొక్కులు, ఎండి పగిలిన పిడి తోలు, సొట్టలు పడ్డ ఒరలు తరచూ కనిపిస్తాయి. కత్తి వీపుపై తయారీదారు పేరు, అలుగుపై తనిఖీ ముద్ర, కొన్నింటిపై దళం గుర్తులు ఉంటాయి. కొందరు అధికారుల కత్తులకు నీలిపూత, బంగారు చిత్రణ చేయించారు. గట్టిగా రుద్ది మెరిపిస్తే ఈ ఆధారాలన్నీ చెరిగిపోతాయి. అందుకే కదిలే తుప్పును మాత్రమే తీసి, పలుచగా మైనం పూసి, తేమ తగలని చోట ఉంచడం మేలు. నునుపైన మెరుపు కన్నా చదవగలిగే ముద్రే చరిత్రకు విలువైనది.